బస్టాండు ఫోటోలో నలుగురు అపరిచితులు

ప్రతి మనిషి ముఖమూ ఆ మనిషి సొంత ఆస్తే అని ప్రభుత్వం ఎట్టకేలకు గుర్తించి, ఆ ఆస్తిని కాపాడటానికి ఒక శాఖను, ఆ శాఖకు ఒక భవనాన్ని, ఆ భవనానికి ఒక కాపలాదారును ఏర్పాటు చేసిన ఏడాదిలోనే పెద్దక్క తన చెల్లెలికి సంచి సర్దింది. ఈ రెండు సంఘటనలకూ మొదట ఏ సంబంధమూ లేదు. సంబంధం కలిపింది శాఖవారే.

పెద్దక్క అంటే ఆ వీధి మొత్తానికీ పెద్దక్కే. బట్టలు కుడుతుంది. ఆమె కత్తిరించి కుడితే, బల్లకు అవతలి వైపు కూర్చుని చెల్లెలు కాజాలు కుట్టి గుండీలు వేసేది. పెద్దక్క మొగుడు పెళ్లయిన కొత్తలోనే పోయాడు. చెల్లెలికి పెళ్లే కాలేదు. అలా ఇద్దరూ ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని, ఒకరినొకరు విసుక్కుంటూ అరవై దాటేశారు. అప్పుడు గడియారాలు బాగుచేసే ఆయన ఒకడు ఏదో పనిమీద ఆ ఊరొచ్చి, కోటుకు లోపలి గుడ్డ వేయించుకోవడానికి వాళ్ల కొట్టుకొచ్చాడు. ఊరికే కూర్చోలేక గోడ గడియారం విప్పి బాగుచేశాడు. సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి మళ్లీ వచ్చాడు. గడియారం శుభ్రంగా నడుస్తోంది. అయినా వస్తూనే ఉన్నాడు. చివరికి రిజిస్టరు ఆఫీసులో చెల్లెలిని పెళ్లి చేసుకుని, ఇల్లు కాస్త బాగుచేయిస్తానని ముందుగా తన ఊరు వెళ్లాడు. ఆ ఊరికి ఒక పగలూ ఒక రాత్రీ బస్సు ప్రయాణం.

అందుకే ఆ సంచి.

"వేడినీళ్ల సంచి ఎందుకక్కా?" అంది చెల్లెలు, దాన్ని బయటికి లాగుతూ.

"కాళ్లు లాగితే పెట్టుకోవడానికి."

"అక్కడ వేడినీళ్లుండవా?"

"నీళ్లుంటాయి. సంచి ఉండకపోతే?"

"మరి టార్చిలైటు?"

"కరెంటు పోతే."

"రెండెందుకూ?"

"మొదటిది కనపడకపోతే వెతుక్కోవడానికి."

చెల్లెలు ఒకవైపు నుంచి తీస్తోంటే పెద్దక్క ఇంకోవైపు నుంచి పెడుతోంది. సంచి బరువు మాత్రం పెరుగుతూనే ఉంది. బయల్దేరే మనుషులంటే పెద్దక్కకు గుండెదడ. గుమ్మం దాటిన మనిషి వీధి మలుపు తిరిగేదాకా చూసేది. తిరిగాక, ఇంకాసేపు ఆ మలుపునే చూసేది.

దడ ఉన్నవాళ్లు పనులన్నీ ముందే చేసేసుకుంటారు. బస్సు మధ్యాహ్నానికైతే, పెద్దక్క పొద్దున్నే చెల్లెలిని వెంటబెట్టుకుని వార్డు ఆఫీసుకు వెళ్లింది. కుటుంబ కార్డులో తన ఇంటి నుంచి చెల్లెలి పేరు తీయించి, గడియారాలాయన కార్డులో వేయించింది.

"అక్కడికెళ్లాక తీరిగ్గా మార్పించుకుంటానే," అంది చెల్లెలు.

"తీరిగ్గా అంటే ఎప్పుడు? నువ్వక్కడ, పేరిక్కడ. రేపు జ్వరమొస్తే ఆసుపత్రిలో మంచం ఎవరిస్తారు, నీకా, నీ పేరుకా?"

గుమాస్తా ఒక గీత గీశాడు. పని ఇంత తొందరగా అయిపోయినందుకు పెద్దక్క అతనికి దండం కూడా పెట్టింది.

ఇక ఫోటో సంగతి. ఫోటో తీస్తున్నారంటే చాలు, చెల్లెలు కళ్లు మూసుకుంటుంది. కావాలని కాదు, మూతపడిపోతాయి. రిజిస్టరు పెళ్లి ఫోటో చూసి అక్కడి అధికారి, పెళ్లికూతురు స్పృహలోనే సంతకం పెట్టిందా అని అనుమానపడ్డాడు. ఆ మధ్యాహ్నం బస్టాండులో మాత్రం, సంచి ఎత్తబోయిన కండక్టరు "ఇందులో కుట్టుమెషీను కూడా పెట్టారా అమ్మా?" అనేసరికి చెల్లెలు విరగబడి నవ్వింది. అదే క్షణాన పెద్దక్క ఫోను నొక్కింది. చూస్తే కళ్లు తెరిచే ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఇదే మొదటిసారి.

బస్సు మలుపు తిరిగింది. పెద్దక్క మలుపును చూసింది. ఆ తర్వాత ఫోను చూసింది. అందులో మనుషులు లేరు.

ప్రతి ఫోనులోనూ 'ముఖరక్ష' అనే యాప్ ఒకటి ఉంటుంది. (దీన్ని ప్రజలు స్వచ్ఛందంగా పెట్టుకున్నారు. పెట్టుకోనివారికి స్వచ్ఛందంగా సిమ్ము ఆపేస్తారు.) బహిరంగ ప్రదేశంలో అనుమతి లేకుండా అపరిచితుల ఫోటో తీయడం నేరం కనుక, ఆ యాప్ ఫోటోలో ఉన్న మనుషులందరినీ బూడిద ముద్దలుగా మార్చి తాళం వేసింది. స్పష్టంగా మిగిలింది చెత్తడబ్బా ఒక్కటే. దానిమీద 'నన్ను వాడండి' అని రాసి ఉండటం వల్ల, సమ్మతి ముందే ఇచ్చినట్టుగా శాఖ భావించింది.

మర్నాడే పెద్దక్క బస్టాండు పైఅంతస్తులో ఉన్న ముఖ సంరక్షణ శాఖకు వెళ్లింది. మెట్లమీద కెమెరా, వరండాలో కెమెరా, క్యూలో ముందొకటి, వెనకొకటి. గుమ్మం దగ్గర కాపలాదారు ఆమెను ఎదురుగా ఒకసారి, పక్కగా ఒకసారి ఫోటో తీశాడు.

"మరి నా సమ్మతి అడగరా బాబూ?"

"అది అపరిచితులు తీస్తేనమ్మా. ప్రభుత్వానికి అందరూ తెలిసినవాళ్లే."

ఇంతమందికి తాను తెలుసని పెద్దక్కకు అప్పటిదాకా తెలియదు.

లోపల సమ్మతి అధికారి తన కంప్యూటరులో ఆ ఫోటో తెరిచాడు. (చూడటానికి శాఖకు హక్కుంది. తీసిన మనిషికే లేదు.) కాసేపు చూసి, "నలుగురు అపరిచితులున్నారమ్మా. నలుగురి సమ్మతీ తెస్తే ఫోటో మీదే," అన్నాడు.

"నలుగురెవరు బాబూ?"

"ఒకాయన ఆవలిస్తున్నాడు. ఒకావిడ అరటిపండు తింటోంది. ఎడంపక్క ఒక మోచేయి ఉంది. మధ్యలో ఒకావిడ నవ్వుతోంది."

"ఆ నవ్వేది నా చెల్లెలు."

అధికారి కార్డు నంబరు కొట్టి చూశాడు. "మీ కార్డులో మీరొక్కరే ఉన్నారమ్మా."

"నిన్న పొద్దున్నదాకా అదీ ఉంది. నేనే తీయించాను."

"ఫోటో ఎప్పుడు తీశారు?"

"మధ్యాహ్నం."

"పొద్దున్నే తీసుండాల్సింది," అన్నాడతను, నిజంగానే బాధపడుతూ. చట్టం ప్రకారం అపరిచితులంటే, ఫోటో తీసే సమయానికి తీసినవారి కుటుంబ కార్డులో లేని సమస్త మానవులూ.

"అది పుట్టినప్పట్నుంచీ నాకు తెలుసు బాబూ. దానికి జడ వేసిందే నేను."

"ఆ జడ చూపించగలరా?"

"కత్తిరించేసింది."

"చూశారా మరి."

పెద్దక్కకు తెలివి తక్కువేమీ లేదు. గోడను వాదనతో వంచలేమని గ్రహించి, వేరే దారి వెతికింది. "సరే బాబూ, వాళ్లనే పట్టుకొస్తా. ఆ ఫోటో ఒకసారి చూపిస్తే పోల్చుకుంటాను."

"అపరిచితుల ముఖాలు మీకు చూపించడం నేరమమ్మా. మాటల్లో చెప్పగలను."

"ఆవలించేవాడు ఎలా ఉంటాడు?"

"నోరు తెరుచుకుని."

"మూసుకుంటే?"

"మూసిన నోరు మా రికార్డులో లేదు."

పెద్దక్క కుట్టుపని సంచిలో వేసుకుని బస్టాండు బెంచీమీద మకాం పెట్టింది. పంట్లాం అంచులు మడిచి కుడుతూ, ఎవరు ఆవలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లేది. "బాబూ, మీరు పోయిన సోమవారం ఇక్కడ ఆవలించారా?" కొందరు పక్కకు జరిగారు. కొందరు ఆవలింత మధ్యలోనే మింగేశారు. ఒకాయన మాత్రం తీరిగ్గా ఆవలించి, "నేను రోజూ ఆవలిస్తానమ్మా, సోమవారమని ప్రత్యేకం లేదు," అన్నాడు. అతను లిఫ్టు మెకానిక్కు. చుట్టుపక్కల లిఫ్టులన్నీ తెల్లవారకముందే చెడిపోతాయట. ఆ బస్సు, ఆ కండక్టరు మాట, ఆ నవ్వు అతనికి బాగానే గుర్తున్నాయి. "ఆ సంచి మీదేనా?" అనడిగాడు గౌరవంగా.

అరటిపండావిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. ఆమెను పట్టుకోవడం తేలికే, రోజూ అదే బస్సుకు అదే చోట అరటిపండే తింటుంది. ఒప్పించడమే కష్టమైంది.

"అమ్మో, నాకు షుగరు. నేను పండు తింటున్న ఫోటో మా కోడలు చూసిందంటే ఇంట్లో బతకనివ్వదు."

"నీ కోడలు నా ఫోను ఎందుకు చూస్తుంది?"

"నీకు మా కోడలు తెలీదు."

చివరికి, పండు కనపడకుండా చేస్తే ముఖానికి తనకు అభ్యంతరం లేదంది. పెద్దక్క పైకి వెళ్లి అడిగింది. అధికారి నిబంధనలు తిరగేసి, ముఖాన్ని చెరపవచ్చు గానీ పండును చెరపడానికి లేదని చెప్పాడు. అరటిపండుకు గోప్యత హక్కు ఇంకా రాలేదు. ముసాయిదా దశలో ఉంది. ఆ సాయంత్రం పెద్దక్క దుప్పట్లావిడను ఇంటికి పిలిచి టీ పోసింది. రెండో కప్పులో చక్కెర వేసింది. సమ్మతి దొరికింది. మెకానిక్కు కూడా వచ్చి, కుట్టుమెషీను తొక్కుడు పలక కింద నూనె వేసి వెళ్లాడు.

ఇద్దరినీ వెంటబెట్టుకుని పైకి వెళ్తే, అధికారి మెకానిక్కును అడిగాడు. "ఈవిడ మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదండీ, మా పెద్దక్క. నిన్న వాళ్లింట్లో టీ తాగాం."

అధికారి కలం కింద పెట్టేశాడు. "ఇది అపరిచితుల సమ్మతి పత్రం. పరిచయస్తులు సంతకం పెడితే చెల్లదు. పరిచయస్తుల పత్రం వేరే ఉంది. దానికి ఫోటో తీసిన రోజు నాటికే పరిచయం ఉండాలి."

"మరిప్పుడేం చెయ్యాలి బాబూ?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "బయటికెళ్లి, ఒకరికొకరు తెలియనట్టు లోపలికి రండి."

ముగ్గురూ బయటికెళ్లారు. విడివిడిగా వచ్చారు. "ఈవిడెవరో నాకు తెలీదండీ," అన్నాడు మెకానిక్కు గట్టిగా. వెంటనే పక్కకు తిరిగి, "కళ్లద్దాలు బెంచీమీద మర్చిపోయావు పెద్దక్కా, ఇవిగో," అని అందించాడు. అధికారి ఆ సమయంలో కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు. దుప్పట్లావిడ ఇంకా బాగా చేసింది, పెద్దక్క కాలు తొక్కి క్షమాపణ కూడా చెప్పలేదు. ఇద్దరికీ అపరిచయ ధ్రువపత్రాలు అక్కడికక్కడే వచ్చాయి. వాటిని జాగ్రత్తగా మడిచి, ముగ్గురూ కలిసి ఇంటికి నడిచారు.

ఇక మోచేయి. మోచేతికి సమ్మతి తప్పనిసరా అని పెద్దక్క అడిగితే, ముఖ్యమైన అవయవమేనని అధికారి మొదట్లో గట్టిగా చెప్పాడు. ఒకనాడు ఆమె ముందే ఆ ఫోటోను పెద్దది చేసి, మోచేతి కింద ఉన్న టీ గ్లాసును, ఆ గ్లాసు పట్టుకున్న వేలికున్న ఉంగరాన్ని చూశాడు. తర్వాత తన వేలికున్న ఉంగరాన్ని చూసుకున్నాడు. ఫోటో తీసిన సమయానికి ఆయన కౌంటరులో ఉన్నట్టు హాజరు పట్టీలో సంతకం ఉంది. ముఖం లేని అవయవాలకు సమ్మతి అక్కర్లేదనే మినహాయింపు ఆ క్షణంలోనే వెలుగులోకి వచ్చింది.

మిగిలింది నవ్వుతున్న అపరిచితురాలు.

ఆమె స్వయంగా రావాలి. ఫోటో తీసిన చోటే, తీసినట్టే నిలబడి, అధికారి ఎదుట సంతకం పెట్టాలి. అది నియమం. పెద్దక్క ఆ రాత్రే చెల్లెలికి ఫోను చేసింది.

"నువ్వు నాకెవరో తేల్చమంటున్నారే. వచ్చి చెప్పు."

"వస్తాలే అక్కా. ఈయన నిచ్చెన మీంచి పడ్డాడు. కాలికి కట్టు కట్టారు. విప్పగానే వస్తా."

"నిచ్చెన ఎందుకెక్కాడు?"

"బల్బు మార్చడానికి."

"టార్చిలైట్లు ఇచ్చాను కదా."

కట్టు విప్పారు, మళ్లీ కట్టారు. ఆ తర్వాత చెల్లెలికే జ్వరం. ఆ తర్వాత ఎండలు. శాఖవారి మొదటి నోటీసు వెళ్లింది. చెల్లెలు ఫోనులో చదివి వినిపించి నవ్వింది. మర్నాడు పెద్దక్క పైకెళ్లింది.

"బాబూ, ఇందులో 'దయచేసి' అని రాశారేమిటి?"

"మర్యాదమ్మా."

"మర్యాదగా పిలిస్తే అది రాదు. చిన్నప్పట్నుంచీ అంతే. కొంచెం గట్టిగా రాయండి."

అధికారి ఉద్యోగంలో చేరాక, నోటీసు మెత్తగా ఉందని ఫిర్యాదు రావడం అదే మొదలు. రెండో నోటీసులో 'తక్షణమే' అని రాశాడు. మూడోదానిలో ఎర్ర ముద్ర వేశాడు. పెద్దక్క ఆ ముద్రను వెలుతురులో పెట్టి చూసి, ఇంకాస్త పెద్దది లేదా అని అడిగింది.

"నన్ను అరెస్టు చేయిస్తావా ఏంటక్కా?" అంది చెల్లెలు ఫోనులో.

"చేయిస్తా. పోలీసులు తీసుకొస్తే ఒంటరిగా వస్తున్నావన్న బెంగైనా ఉండదు నాకు."

అధికారి మాత్రం చేతనైనంత చేశాడు. ఫోటో ప్రకారం చెల్లెలి పాదాలు ఎక్కడ ఉండాలో కొలిచి, ప్లాట్‌ఫారం మీద సుద్దతో రెండు పాదాలు గీయించాడు. పెద్దక్క రోజూ కుట్టుపని తెచ్చుకుని ఆ పక్కనే కూర్చునేది. ఎవరైనా ఆ గీతలమీద నిలబడితే, "పక్కకు జరగండి బాబూ, అది మా చెల్లెలి చోటు," అనేది. సుద్ద చెరిగిపోతే తన దగ్గరున్న దర్జీ సుద్దతో మళ్లీ దిద్దేది. మెకానిక్కు ఆవలించడానికి, దుప్పట్లావిడ అరటిపండు తినడానికి రోజూ అక్కడికే వచ్చేవాళ్లు. చెల్లెలు రాగానే దృశ్యం సిద్ధంగా ఉండాలని వాళ్ల ఉద్దేశం.

ఇంతలో ప్రజల సౌకర్యం దృష్ట్యా శాఖ ఒక పొరపాటు చేసింది. పద్ధతి సులువు చేసింది. ఇకమీదట ఎవరూ ఎక్కడికీ రానక్కర్లేదు, ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఫోనులో పచ్చబటన్ నొక్కితే చాలునని ప్రకటించింది. జనం సంతోషించారు. పెద్దక్కకు దడ పుట్టింది.

ఆ సాయంత్రమే ఫోను మోగింది. "అక్కా, నాకు బటన్ వచ్చిందే. నొక్కేస్తున్నా."

"నొక్కకు."

"ఎందుకూ? నీకు ఫోటో వచ్చేస్తుంది కదా."

"నీ వేలు సరిగ్గా పడదు. సూదిలో దారం ఎక్కించడానికే సగం రోజు పట్టేది నీకు."

"అక్కా."

"వచ్చి నిలబడి సంతకం పెట్టు. అది పద్ధతి."

చెల్లెలు నెమ్మదిగా అడిగింది. "నిజం చెప్పు, నీకు కావాల్సింది ఫోటోనా, నేనా?"

"నాదేముంది. శాఖవారు నిన్నడుగుతున్నారు," అంది పెద్దక్క.

మర్నాడు ఆమె పైకెళ్లి, తన ఫైలును పాత పద్ధతిలోనే ఉంచమని దరఖాస్తు పెట్టింది. అధికారి దాన్ని రెండుసార్లు చదివాడు.

"బటన్ నొక్కితే ఈ పూటే పని అయిపోతుందమ్మా."

"తెలుసు బాబూ."

"అయినా పాత పద్ధతే ఉంచమంటారా?"

"ఉంచండి."

అధికారి ముద్ర వేశాడు. ఆ రోజు ఆమెను ఎదురుగా, పక్కగా ఫోటో తీయడానికి వచ్చిన కాపలాదారును చేత్తోనే వెళ్లిపొమ్మన్నాడు.

అది పనిచేసింది. చెల్లెలు టికెట్లు తీసింది. ఇద్దరూ వస్తున్నారు, ఆయన కాలు నేలమీద ఆనుతోంది, వారం పది రోజులుంటారు. పెద్దక్క మంచాలు మార్చింది, దిండు గలేబులు కుట్టింది, గడియారాలాయన కాలికి తగలకుండా బల్ల జరిపింది. "అప్పుడు నవ్వినట్టే నవ్వాలట, కండక్టరు మాట గుర్తుందా?" అని ఫోనులో అడిగింది. "నువ్వు కనపడితే చాలు, నవ్వు అదే వస్తుంది," అంది చెల్లెలు.

వాళ్లు బయల్దేరాల్సింది సోమవారం. అంతకు ముందు బుధవారం పెద్దక్క బస్టాండులో చొక్కాకు కాలరు వేస్తుండగా ఫోను టింగుమంది.

'అభినందనలు. మీ చిత్రంలోని నాలుగో వ్యక్తి తరఫున ఇకపై ఎలాంటి అభ్యంతరమూ ఉండదు. చిత్రం పూర్తిగా విడుదల చేయడమైనది. మా సేవ మీకు ఎలా అనిపించింది?'

పెద్దక్కకు ఒళ్లు మండింది. అంత చెప్పినా, టికెట్లు తీసుకుని కూడా, ఆ బటన్ నొక్కేసిందన్నమాట. ఇక రాకుండా ఎగ్గొట్టడానికే. ఫోటో వంక చూడనైనా చూడకుండా చెల్లెలి నంబరు నొక్కింది. అవతల ఎత్తిన చప్పుడు కాగానే మొదలుపెట్టింది.

"నొక్కొద్దని చెప్పానా లేదా? నీకు ఒకసారి చెబితే బుర్రకెక్కదా?"

"వదినా," అన్నాడు గడియారాలాయన. అతను ఆసుపత్రి వరండాలో, ఎలా చెప్పాలో తెలియక, ఆ ఫోనే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

ఇందులో శాఖ పనితీరును తప్పుపట్టడానికేమీ లేదు. పోయినవారికి అభ్యంతరం ఉండదన్నది నియమం. ఆసుపత్రి నుంచి ఆ సమాచారం శాఖకు క్షణాల్లో చేరింది. కార్డులో లేనివారికి కబురు చేయాలన్న నియమం ఎక్కడా లేదు. చెల్లెలు ఆ బస్సెక్కిన తర్వాత మళ్లీ ఆ ఊరికి రాలేదు. టికెట్లు తీసిన సోమవారానికి ముందు బుధవారం, ఉదయం పూట పోయింది.